ఖాళీగా వదిలేసిన గడి

చెస్ ఆటగాళ్ల సంతకాలున్న వస్తువులు పోగేయడం నాకో పిచ్చి. కోడ్ రాస్తే వచ్చే జీతంలో కొంత దానికే పోతుంది. ఈమధ్య నా కన్ను 2002 హైదరాబాద్ వరల్డ్ కప్ మీద పడింది. ఫైనల్లో కసిమ్‌జానోవ్‌ని ఓడించి ఆనంద్ గెలిచిన టోర్నీ అది. అప్పుడు నాకు ఐదేళ్లు. మన హైదరాబాద్‌లో జరిగింది కదా, ఆనంద్ సంతకమున్న కాగితం ఒక్కటైనా నా దగ్గర ఉండాలనిపించింది.

ఆన్‌లైన్‌లో ఒకటి కనిపించింది. రేటు నా రెండు నెలల రూమ్ అద్దె! ఈ సంతకం ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీసుకున్నారని అడిగితే జవాబు లేదు. ఈ సరదాలో మొదటి పాఠం అదే. సంతకం ఎంత అందంగా ఉన్నా, దాని వెనక కథ నిజమై ఉండాలి. వదిలేశాను.

మొన్న దసరాకి గద్వాల వెళ్లినప్పుడు ఇల్లు సర్దుతుంటే అటక మీది పెట్టెలో నా పాత స్కోర్‌షీట్ ఒకటి దొరికింది. 2009, వనపర్తి, అండర్-13, చివరి రౌండ్. నాతో ఆడింది నాగర్‌కర్నూల్ పిల్లాడు. మూడు ఊళ్లూ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. 2016లో విడివిడి జిల్లాలయ్యాయి.

చెస్‌లో గేమ్ అయిపోయాక రిజల్ట్ రాసి, రెండు షీట్ల మీదా ఇద్దరూ సంతకం పెట్టాలి. ఫిడే రూల్ ప్రకారం, రాసిన రిజల్ట్ తప్పైనా సరే, ఆర్బిటర్ మారిస్తే తప్ప అదే ఖాయం.

ఆ రోజు నావి తెల్లపావులు. 31వ ఎత్తులో వాడు నాకు మేట్ చెప్పాడు. అంటే 0-1 రాయాలి. గెలిచిన సంబరంలో వాడు తనకి 1 ముందు వేసుకుని, రెండు షీట్ల మీదా 1-0 అని రాసేశాడు. అంటే నేను గెలిచినట్టు. నేను చూశాను. చూసే సంతకం పెట్టాను.

కాసేపటికి వాడు ఏడుస్తూ ఆర్బిటర్‌ని తీసుకొచ్చాడు. "ఎవరు గెలిచిన్రు?" అని అడిగాడాయన. "షీట్ల ఉంది కద సార్" అన్నాను. వాడి తరఫున మాట్లాడటానికి పెద్దవాళ్లెవరూ లేరు. బయట బెంచీ మీద మా నాన్న ఉన్నాడు. "గెలిచినవా బిడ్డా?" అంటే తలూపాను. పల్లెవెలుగు బస్సులో దారి పొడుగునా కప్పు ఆయన ఒళ్లోనే ఉంది. ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పక్కన ఉంది.

షీట్‌లో 31వ వరుసలో నా ఎత్తు రాసి ఉంది. పక్కన నలుపు గడి ఖాళీ. మేట్ అయిన ఎత్తు నేను రాయలేదు. నా కలెక్షన్‌లో కథ పూర్తిగా తెలిసిన కాగితం ఇదొక్కటే. ఆ కథలో దొంగని నేనే.

పాత కాగితం మీద కొత్తగా గీత పడినా విలువ పోతుందంటారు కలెక్టర్లు. అయినా పెన్ను తీసి, ఆ గడిలో క్వీన్ హెచ్2 మేట్ అని రాశాను. కింద 0-1 అని దిద్ది, ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టాను. నాన్నకి చూపించాను. చాలాసేపు చూసి, లేచి వెళ్లి కప్పు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నాగర్‌కర్నూల్ దోస్తూ, ఇది నీ కంట పడితే చెప్పు. ఆ గేమ్ నువ్వే గెలిచినవ్. కప్పు నా దగ్గరుంది, తెచ్చిస్తా.