బాట యెవరిది?

నాకు కాలినడక యన్న మిక్కిలి ప్రీతి. నడచువానికి దారి మెల్లమెల్లగా పరిచయమగును. రాతి రంగు, గాలి చల్లదనము, పిట్ట పలుకు పరుగెత్తువానికి చిక్కవు. అట్లని మోటారు సైకిలుపై కొండ నెక్కువాని సంతోషమును తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. ఎవరి వేడుక వారికి ముద్దు. ఆ రెండు వేడుకలును ఒకే బాటపై ఎదురుపడినప్పుడు ఏమి చేయవలెను?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న చిన్నది కాదు. అచట ప్రజలందఱి సొత్తుగా ప్రభుత్వము కాపాడు భూములు విస్తారముగా నున్నవి. భూనిర్వహణ శాఖ యొక్కటియే సుమారు 24 కోట్ల 50 లక్షల ఎకరములను చూచుచున్నది. నడచువారు, గుఱ్ఱమెక్కువారు, సైకిలు త్రొక్కువారు, మోటారు బండ్లు నడపువారు అందఱును ఆ భూములకు హక్కుదారులే.

యూటా రాష్ట్రములోని మోయాబు పట్టణము చెంత నేను కొన్ని దినములు నడచితిని. అచటి యిసుకరాతి గుట్టలు అలలవలె నుండును. వానిపై స్లిక్‌రాక్ అను బాట కలదు. రాతిపై గీచిన తెల్లరంగు గీతలే దానికి గుఱుతులు. 1969లో దానిని మోటారు సైకిళ్ల కొఱకు ఏర్పఱచిరి. తరువాత కొండసైకిళ్లవారు దానికి ప్రపంచఖ్యాతి తెచ్చిరి. నేటికిని ఇరుతెగలవారును దానిపై పోవుచున్నారు.

వట్టి రాయి చక్రమును ఓర్చుకొనును. ప్రక్కనున్న నేల ఓర్చుకొనజాలదు. ఆ నేలపై నల్లని గరుకు పొర యొకటి యుండును. అది కంటికి కానరాని సూక్ష్మజీవులు, నాచు మొదలగునవి కూడి అల్లిన సజీవమైన పొర. ఇసుక గాలికి ఎగిరిపోకుండ అదియే పట్టియుంచును. చక్రము క్రింద నలిగినట్లే అది మనుష్యుని అడుగు క్రిందను నలుగును. మరల కోలుకొనుటకు ఏండ్లు, ఒక్కొక్కచోట దశాబ్దములు పట్టును. కావున బాట విడువరాదను నియమము బండివానికెంతయో నడచువానికిని అంతే.

చప్పుడు సంగతి వేఱు. నడచువాని మౌనము బండివాని వేడుకకు అడ్డురాదు. బండి మ్రోత మాత్రము లోయయంతయు నిండును. ఒకే గదిలో చదువుకొనువానిని, డప్పు వాయించువానిని కూర్చుండబెట్టి, "గది మీ యిరువురిదియు" అని చెప్పినచో న్యాయము జరిగినట్లగునా?

అయినను బండ్లను అన్నిచోట్ల నిషేధించుటయు న్యాయము కాదు. ఒకనాడు లోయ యంచున జీపు దిగిన వృద్ధ దంపతులను చూచితిని. "ఈ బండి లేకున్నచో ఈ లోయను మేము పటములోనే చూచెడివారము" అని ఆ ముసలమ్మ నాతో ననెను. ఆ మాటకు ఎదురాడుటకు నాకు నోరు రాలేదు.

ఆ దేశమువారు ఈ చిక్కును స్థలవిభజనతో తీర్చుటకు యత్నించిరి. 1964 నాటి వన్యభూముల చట్టము కొన్ని ప్రదేశములలో మోటారు బండ్లనే కాక సైకిళ్లను కూడ దూరముంచినది. నడవలేనివారి చక్రాల కుర్చీకి మాత్రము అడ్డులేదు. బండ్లు ఎచట పోవచ్చునో ఎచట పోరాదో నిర్ణయింపవలెనని 1972లో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఆజ్ఞ యొసగెను. నేలకు, జంతువులకు బండ్లవలన పెద్ద హాని కలుగుచో ఆ చోటును వెంటనే వానికి మూసివేయవలెనని 1977లో జిమ్మీ కార్టర్ ఆదేశించెను. గుర్తించిన దారులనే పటములపై చూపి, వానిపైననే బండ్లను పోనిచ్చు నియమమును 2005లో అటవీశాఖ చేసినది.

అందఱును కలిసి పోవు బాటలపై మఱియొక మర్యాద కలదు. మోటారు బండి సైకిలునకు, సైకిలు నడచువానికి, బెదరు స్వభావము గల గుఱ్ఱమునకు అందఱును దారి విడువవలెను. వేగము గలవాడే ముందుగా తగ్గవలెననుట ఇందలి భావము. ఇది నాకు మిక్కిలి నచ్చినది.

పటముపై గీత గీయుట అధికారుల పని. ఎవరును చూడనిచోట ఆ గీతను మన్నించుట మన పని. ఉమ్మడి సొత్తు నాది యనుకొనుట సులభము. అది ఎదుటివానిదియు ననుకొన్ననాడే అది నిలుచును.