అందులో ఎన్ని?

సంభావ్యత పాఠం రాగానే అందరూ నాణేలు, పాచికలు, పేకముక్కలు తెస్తారు. మా ఇంట్లో అవేవీ లేవు, బీడీలున్నాయి. సోలాపూర్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లు చాలావాటిలో మగవాళ్లు మరమగ్గాల మీద పనిచేస్తే ఆడవాళ్లు బీడీలు చుడతారు. మా ఇంట్లో అమ్మ, నానమ్మ ఇద్దరూ చుడతారు. నా లెక్కల పుస్తకం తెరిచినా తంబాకు వాసనే.

ఇద్దరివీ కలిపి రోజుకు వెయ్యి. అమ్మవి 800, నానమ్మవి 200. ఎవరి చాట వాళ్లదే. కార్ఖానాకు తీసుకుపోయేముందు అమ్మ అన్నీ ఒకసారి చూసి ఆకు చిరిగినవి, మూతి సరిగా ముడవనివి, దారం వదులైనవి పక్కన పెడుతుంది. అక్కడైతే తీసేస్తారు, తీసేసినవాటికి కూలి రాదు.

ఒకరోజు అలా 50 పోయినయి. అమ్మవి 32, నానమ్మవి 18. నానమ్మకు భలే సంతోషం. "చూసినవా, నీయే ఎక్కువ పోయినయి. నా చెయ్యి ఇంకా తప్పలే" అంది. అమ్మ నవ్వి ఊరుకుంది.

నాకు మాత్రం ఆ లెక్క కుదరలేదు. నానమ్మ చూసింది పోయిన 50ని. నేను నానమ్మ చాట ఒక్కటే ముందు పెట్టుకున్నాను. అమ్మ బీడీలు అసలు ఇంట్లోనే లేవనుకోండి. ఇప్పుడు మొత్తం 200, పోయినవి 18. అంటే నూటికి 9. అమ్మవి 800లో 32, అంటే నూటికి 4. షరతుతో కూడిన సంభావ్యత పై తరగతుల్లో వస్తుందని మా సారు చెప్పారు కానీ, నాకు అర్థమైనంతవరకు షరతు అంటే ఇంతే. దానికి సరిపోనివన్నీ చాపమీద నుంచి ఊడ్చేయాలి. మిగిలిందే ఇక మొత్తం. అందుకే భిన్నంలో కింది అంకె మారుతుంది.

సారు బోర్డు మీద రాసిన గుణకార సూత్రం కూడా ఇందులోనే దొరికింది. మొత్తం బీడీల్లో నానమ్మవి 1/5. అందులో పోయినవి 9/100. రెండూ గుణిస్తే 9/500, అంటే వెయ్యికి 18. ఇంకో దారిలో రండి. మొత్తంలో పోయినవి 1/20. అందులో నానమ్మవి 18/50. గుణిస్తే మళ్లీ వెయ్యికి 18. ఏ దారిన వచ్చినా చేతికొచ్చేవి అవే 18 బీడీలు. "అందులో" అన్న మాట వచ్చినచోట గుణించాలి అని నేను గుర్తు పెట్టుకున్నాను. కానీ 18/50 వేరే ప్రశ్నకు జవాబు, 18/200 వేరే ప్రశ్నకు జవాబు.

ఒక్కరోజు లెక్క నమ్మడానికి లేదు, ఆకు మంచిది కాకపోయినా పోతాయి. అందుకని ఆరు రోజులు నోటుబుక్కులో రాశాను. ఇద్దరిదీ ఒకే ఆకు. నానమ్మవి నూటికి 7కు ఎప్పుడూ తగ్గలేదు, అమ్మవి 5 దాటలేదు.

లెక్క చేసినంత సులువు కాదు అది నానమ్మకు చెప్పడం. ఆ డబ్బులు ఆమె సొంతం, నాన్నను ఎన్నడూ అడగదు. ముందు అమ్మకు చూపించాను. అమ్మ చదువుకోలేదు, కానీ నేను అడగని ప్రశ్న అడిగింది. "దీపం పెట్టినంక చుట్టినయి వేరే చెయ్యి, చూద్దాం" అంది. షరతు మీద ఇంకో షరతు!

మర్నాడు వేరే చేశాం. పగలు నానమ్మ చుట్టినవి 150, పోయినవి 6. నూటికి 4, అచ్చం అమ్మలాగే. చీకటి పడ్డాక చుట్టినవి 50, పోయినవి 12. దాదాపు నాలుగోవంతు. నానమ్మ చెప్పింది నిజమే, చెయ్యి తప్పలేదు. కన్ను తప్పుతోంది.

పగటి లెక్క ముందు చెప్పి, రాత్రి లెక్క తర్వాత చెప్పాను. నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆదివారం పోయాక నాన్న మగ్గం పని ఒకపూట మాని కళ్ల దవాఖానకు తీసుకుపోయాడు, నేనూ వెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయట, కుడి కన్ను ముందు చేస్తారట. నానమ్మ డాక్టరును అడిగింది ఒక్కటే.

"ఎన్ని దినాలు బీడీలు చుట్టద్దు?"