డి విటమిన్ తక్కువుంటే ఐవీఎఫ్ ఆపాలా?

పిల్లల కోసం వచ్చే దంపతులు ఈమధ్య నా ముందు మొదట పెట్టే కాగితం డి విటమిన్ రిపోర్టు. మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే లోపమంటాం. ఇంత ఎండ కాసే మన ప్రాంతంలోనూ ఇది చాలామందిలో కనబడుతుంది.

ఓ టీచరమ్మకు 38 ఏళ్లు. డి విటమిన్ 11. అంతకన్నా నన్ను కలవరపెట్టింది, అండాల నిల్వను తెలిపే ఏఎంహెచ్ పరీక్ష. ఆ నిల్వ అడుగంటుతోంది. డి 40 దాటాకే ఐవీఎఫ్ అని ఎక్కడో చెప్పారట. నెలల తరబడి ఆగింది. డి పెరిగింది, ఈలోగా అండాలు ఇంకా తగ్గాయి. "ఇప్పుడు బాగుంది కదా మేడం, గర్భం నిలుస్తుందిగా?" అని ఆశగా అడిగింది. ఆ నెలలు ఏ మందుతోనూ తిరిగి రావు.

డి పెరిగితే గర్భం నిలుస్తుందన్న నమ్మకానికి ఆధారం లేకపోలేదు. అండాశయంలోనూ గర్భసంచి లోపలి పొరలోనూ డి విటమిన్‌ను అందుకునే గ్రాహకాలున్నాయి. తగినంత డి ఉన్నవారిలో కాన్పుదాకా వెళ్లేవారు ఎక్కువని 2018లో పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. అయితే ఒంట్లో కొవ్వు ఎక్కువైతే రక్తంలో డి తగ్గుతుంది. ఆ బరువే గర్భానికీ అడ్డు. మరి కారణం ఏది? ఇటలీలో డి తక్కువున్న 630 మందిని రెండు జట్లు చేసి, ఐవీఎఫ్‌కు ముందు ఒక జట్టుకు ఒకేసారి 6 లక్షల యూనిట్లు, రెండో జట్టుకు మందులేని ద్రవం ఇచ్చారు. 2021లో వచ్చిన ఫలితం: మందు తీసుకున్నవారిలో గర్భం నిలిచింది 37 శాతానికి, తీసుకోనివారిలో 40 శాతానికి. అంటే తేడా లేనట్టే.

ఇంకో అమ్మాయి వారానికోసారి వేసుకోవాల్సిన 60,000 యూనిట్ల పొడిని, త్వరగా పెరుగుతుందని, రోజూ వేసుకుంది. వాంతులు, తీరని దాహం. రక్తంలో కాల్షియం పెరిగి ఆస్పత్రిలో చేరాల్సివచ్చింది. "ఎండలో నిలబడమంటే వినదు డాక్టరమ్మా, అందుకే నిలవట్లేదు" అన్న అత్తగారి మాటే ఆమెను అంత తొందరపెట్టింది. ఆ పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని, కోడలి తప్పేమీ లేదని చెప్పాను. అబ్బాయికి వీర్య పరీక్ష అప్పటికింకా చేయించనేలేదు!

లోపముంటే మందు వాడండి, మీ ఎముకల కోసం, రేపు కడుపున పడే బిడ్డ కోసం. అది చికిత్సతో పాటే సాగుతుంది. 35 దాటినవారు మాత్రం డి పెరిగేదాకా ఐవీఎఫ్ వాయిదా వేయకండి.