దొంగతూము

మనం నిత్యం వాడుకొనే వస్తువులలో మనకు మర్మం తెలియనివే ఎక్కువ. అవి సక్రమంగా పనిచేసినంతకాలం వాటి లోగుట్టు తెలుసుకోవాలన్న కోరిక మనకు కలగదు. పనిచేయడం మానిన మరుక్షణం మాత్రం వస్తువును నిందించడం మొదలుపెడతాం. ప్రబంధ సాహిత్యంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందిన నేను ఈ సత్యాన్ని గ్రంథాలలో గాక మా ఇంటి టెలిఫోను తీగ దగ్గర తెలుసుకొన్నాను. నాకు దానిని బోధించినవారు దివిసీమలో నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మా నాన్నగారు.

అది 2009వ సంవత్సరం. కంటి శస్త్రచికిత్స అనంతరం నాన్నగారు విజయవాడలో సత్యనారాయణపురంలోని మా ఇంటికి వచ్చి ఉంటున్నారు. ఆ రోజులలోనే అమెరికాలో ఉన్న మా చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఆ వార్త ఫోనులో విన్నప్పటి నుండి నాన్నగారి మనస్సు ఒకచోట నిలవలేదు. "గొంతు వినపడుతోంది సరే, పిల్ల ముఖం చూసే ఉపాయం లేదా అబ్బాయ్?" అని అడిగారు. కంప్యూటరులో మాట్లాడుతూనే ఒకరినొకరు చూసుకొనే సదుపాయం అప్పటికే ఉంది. అందుకు ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ కావాలి.

మన దేశంలో 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు కనీసం 256 కిలోబిట్ల వేగం గల నిరంతర సంబంధాన్ని బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. 'డేటావన్' పేరుతో ఆ సేవను ప్రారంభించింది. ఇందులోని విశేషమేమంటే, దీనికి కొత్త తీగ అక్కరలేదు. ఇంట్లో ఉన్న టెలిఫోను రాగితీగల జతే చాలు. మనిషి మాట ఆ తీగలో 4 కిలోహెర్ట్జ్‌ల లోపు పౌనఃపున్యంలో ప్రయాణిస్తుంది. ఇంటర్నెట్ సమాచారం 25 కిలోహెర్ట్జ్‌లకు పైన సాగుతుంది. ఒకే తీగలో ఒకదాని దారికి మరొకటి అడ్డు రాదు. దీనినే డి.ఎస్.ఎల్. అంటారు.

మోడెం కొనడానికి ఏలూరు రోడ్డులోని ఒక దుకాణానికి వెళ్ళాను. నాన్నగారు ఎక్కువసేపు కుర్చీలో కూర్చోలేరు. మంచం మీద పడుకొని చూడాలంటే తీగ లేకుండా పనిచేసే వైర్‌లెస్ రౌటరు కావాలి. అందంగా, రెండు కొమ్ములతో ఉన్న ఒక రౌటరును చేతిలోకి తీసుకొన్నాను. దుకాణదారు నవ్వి, "మాస్టారూ, మీది ఫోను లైను కదా! దీని వెనుక ఫోను తీగ పట్టే చిన్న రంధ్రం లేదు చూడండి. ఇది ఒక్కటే కొంటే మోడెం వేరే కొనాలి. రెండూ కలిసినది తీసుకోండి" అన్నాడు. రూపం చూసి మోసపోవడం కావ్యనాయకులకే కాదు, అధ్యాపకులకూ సహజమేనని గ్రహించి, ఆయన చెప్పినదే తెచ్చుకొన్నాను.

మరునాడు లైన్‌మన్ వచ్చాడు. వీధి స్తంభం నుండి వచ్చే తీగను స్ప్లిటరు అనే చిన్న డబ్బీకి కలిపాడు. దాని నుండి ఒక దారి ఫోనుకు, మరొక దారి మోడెంకు వెళ్ళింది. కంప్యూటరులో 192.168.1.1 అనే చిరునామా తెరిచి, వి.పి.ఐ. దగ్గర 0, వి.సి.ఐ. దగ్గర 35 అని నింపాడు. పెట్టెతో పాటు వచ్చిన సంకేతపదాన్ని మార్చి కొత్తది పెట్టుకొమ్మనీ, లేకపోతే వీధిలోని వారందరికీ మన ఇంటి తలుపు తెరిచినట్లేననీ హెచ్చరించాడు. ఇనుప బీరువా పక్కన గాక హాలు మధ్యలో ఎత్తుగా పెడితే గదులన్నిటికీ తరంగాలు అందుతాయన్నాడు. మోడెం మీద పచ్చదీపం నిలకడగా వెలిగింది. నేను విజయగర్వంతో చూశాను.

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు చెల్లెలు తెర మీద కనిపించింది. ఒడిలో తెల్లని గుడ్డలో పాపాయి. నాన్నగారు కళ్ళద్దాలు సవరించుకొని ముందుకు వంగారు. సరిగా అప్పుడే ఫోను మోగింది. తెర మీది బొమ్మ స్తంభించి, మాయమైంది. మళ్ళీ కలిపేసరికి అక్కడ పాప నిద్రపోయింది. రెండవ ఆదివారమూ అంతే. శుభాకాంక్షలు చెప్పడానికి ఎవరో బంధువులు ఫోను చేయడం, ఇక్కడ సంబంధం తెగిపోవడం. నేను మోడెంను నిందించాను. దుకాణదారును నిందించాను. మరో మోడెం కొని తెచ్చాను. మూడవ ఆదివారం అదీ అలాగే చేసింది. నాన్నగారు ఏమీ అనలేదు. "పోనీలే" అని గోడ వైపు తిరిగి పడుకొన్నారు. ఆ ఒక్క మాట నన్ను చాలా బాధించింది.

ఆ సాయంత్రం ఆయనే పిలిచి, "ఇది ఎప్పుడు తెగుతోందో గమనించావా?" అని అడిగారు. నేను గమనించలేదన్నాను. "ఫోను మోగినప్పుడల్లా ఆ పచ్చదీపం కొట్టుకుంటోంది. నేను మూడు వారాలుగా చూస్తున్నాను" అన్నారు. తర్వాత మెల్లగా లేచి కూర్చొని ఇలా చెప్పారు: "మన చేను ఎక్కడుంది? కాలువ శివార్లో. బ్యారేజి దగ్గర వదిలిన నీరు పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమకు చేరేసరికి ఎన్ని ఊళ్ళు తాగాలో అన్నీ తాగుతాయి. నీళ్ళు రాకపోతే మేము బ్యారేజిని తిట్టేవాళ్ళం కాదు. పార భుజాన వేసుకొని గట్టు వెంట నడిచేవాళ్ళం. ఎక్కడో ఒకచోట దొంగతూము కనిపించేది. నువ్వు తీగ వెంట నడిచావా?"

నేను నడవలేదు. ప్రకాశం బ్యారేజి నుండి బయలుదేరే కాలువలు 12 లక్షల ఎకరాలకు పైగా నేలను తడుపుతాయని పుస్తకంలో చదివినవాణ్ణి. వాటి చివరి ఎకరం వారు ఎలా బ్రతుకుతారో తెలిసినవారు ఆయన.

నాన్నగారు నా భుజం పట్టుకొని వీధి గుమ్మం దాకా వచ్చారు. తీగ ఇంట్లోకి ప్రవేశించే చోట మొదలుపెట్టి, గోడ మీద వేలు ఆనిస్తూ అడుగడుగూ నడిచారు. స్ప్లిటరుకు రెండు మూరల ముందు ఆగారు. అక్కడ నల్లటి టేపు చుట్టిన ఒక అతుకు ఉంది. దాని నుండి సన్నని తీగ ఒకటి ద్వారబంధం మీదుగా ఆయన గదిలోకి పోతోంది.

"ఈ తూము ఎవరు పెట్టారు?" అన్నారు.

నా నోట మాట రాలేదు. లైన్‌మన్ వెళ్ళిన తర్వాత, నాన్నగారు లేచి హాలులోకి రానక్కరలేకుండా ఆయన మంచం పక్కన ఇంకొక ఫోను ఉండాలని నేనే ఆ అతుకు వేశాను. ఆ ఫోను స్ప్లిటరును దాటకుండా నేరుగా తీగకు తగులుకొంది. అది మోగినా, దాని రిసీవరు ఎత్తినా పైదారిలో పోయే సమాచారం చెదిరిపోతోంది. దోషం యంత్రానిది కాదు, నాది.

"నీకోసమే పెట్టాను నాన్నా" అన్నాను. ఆయన నవ్వి, "దొంగతూము పెట్టినవాడు కూడా పిల్లల కోసమే పెడతాడు. నా గదిలో ఫోను తీసెయ్. గొంతు చాలాకాలం విన్నాను" అన్నారు. ఆయన రాత్రిళ్ళు చెల్లెలితో మాట్లాడేది ఆ ఫోనులోనే. అయినా దానిని వదులుకోవడానికి క్షణం ఆలోచించలేదు.

మరునాడు లైన్‌మన్‌ను సలహా అడిగాను. "తీసెయ్యక్కరలేదు మాస్టారూ! ఆ తీగను స్ప్లిటరు తర్వాత, ఫోను వైపు నుండి లాగండి, సరిపోతుంది" అన్నాడు. పది నిమిషాల పని. నాలుగవ ఆదివారం ఫోను రెండుసార్లు మోగింది. పచ్చదీపం చలించలేదు. తెర మీద పాపాయి ఆవులించింది. నాన్నగారు చెయ్యి చాచి, అద్దం మీద ఆ బుగ్గ ఉన్న చోట వేలితో తాకారు.

మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయాలకు వెళ్ళాడు. మంచుకు అది కరిగిపోగానే ఇంటిదారి తెలియక చిక్కుకొన్నాడు. ఈ కథను ఎన్నో ఏళ్ళు తరగతిలో చెప్పాను. లేపం ఎలా పనిచేస్తుందో, దేనివలన పోతుందో తెలుసుకోకుండా బయలుదేరినవాడి కథ కూడా అదేనని నాకు అప్పుడు స్ఫురించింది.

ఇప్పుడు మా ఇంటికి వచ్చేది రాగితీగ కాదు. గాజుపోగులో కాంతి రూపంలో సమాచారం వస్తోంది. నాన్నగారు లేరు. పాత స్ప్లిటరు మాత్రం నా బల్ల సొరుగులో ఉంది. ఏ పని చెడినా, ఎవరినైనా నిందించబోయే ముందు దానిని ఒకసారి చూస్తాను. తర్వాత లేచి తీగ వెంట నడుస్తాను.