చాప మీద సాగదీత, చాప దాటిన కదలిక

మండల కేంద్రంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్ట్ వారానికోసారి వస్తారు. మిగతా రోజుల్లో పిల్లల్ని అక్కడి ప్రత్యేక టీచర్లే (ఐఈఆర్పీలు) చూసుకుంటారు. నేను వెళ్లింది ఆయన వచ్చే రోజున. సెరిబ్రల్ పాల్సీ వల్ల మునివేళ్ల మీదే నడిచే ఓ బాబు చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. ఫిజియో ఒక చేత్తో వాడి మోకాలు వంగకుండా అదిమిపట్టి, రెండో చేత్తో మడమ పట్టుకుని, పాదం అడుగును తన ముంజేతికి ఆనించి మెల్లగా పైకి ఒత్తారు. మోకాలు వంగనిస్తే పిక్క కండరం వదులై చీలమండ బాగా తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, అసలు బిగువు బయటపడదు. అందుకే ఆ పట్టు. గోనియోమీటరుతో కోణం కొలిచి తన నోటుబుక్కులో రాసుకున్నారు. కాసేపు అలా చేశాక పాదం మొదటికన్నా సులువుగా వంగింది. పక్కనే కూర్చున్న తల్లి ముఖంలో ఎంత ఊరటో!

ఆ వదులు నిలుస్తుందా? బిగుసుకున్న కీళ్ల మీద సాగదీత ప్రభావం గురించి 2017లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 49 అధ్యయనాలను పరిశీలించింది. నరాల సమస్యలున్నవాళ్లకు ఏడు నెలల లోపు సాగదీతతో కీలు కదలికలో చెప్పుకోదగ్గ మార్పు రాదని తేల్చింది. ఎదిగే పిల్లల్లో ఎముక పొడుగవుతున్నంత వేగంగా బిగువున్న కండరం పెరగదు. ఇవాళ వదులు చేసింది రేపటికి మళ్లీ బిగుస్తుంది. వారానికో పూట ఎవరో చేత్తో లాగితే ఆ వెనకబాటు తీరదు. పిల్లాడు తనంతట తాను, తనకు కావలసిన పని కోసం కదలాలి. ఆ పూట నాకు విలువైనదిగా తోచింది తరువాతి పావుగంటే. గోడకు, బాబు చెయ్యి పైకి చాస్తే అందేంత ఎత్తులో బొమ్మ అతికించి, స్ప్లింట్లు తొడిగి నిలబెట్టారు. దాన్ని అందుకోవాలని వాడు మడమలు ఆనించి, తొడలు బిగబట్టి నిక్కాడు. చెమట పట్టింది, అయినా మానలేదు.

అలాగని సాగదీత మానేయాలా అంటే, తనంతట కదలలేని పిల్లలకు సరైన భంగిమలో కూర్చోబెట్టడం, నిలబెట్టడం తప్పవు. చూసీచూడనట్టు వదిలేస్తే తుంటి కీలు జారిపోయే ప్రమాదం ఉంది. దక్షిణ స్వీడన్‌లో 1994లో మొదలైన సీపీయూపీ కార్యక్రమంలో సెరిబ్రల్ పాల్సీ పిల్లల్ని ఆరేళ్ల దాకా ఏడాదికి రెండుసార్లు పరీక్షించి, బిగువు ముదరకముందే పట్టుకుంటారు. దాంతో తుంటి జారడం బాగా తగ్గింది. అక్కడా ఆధారం క్రమం తప్పని కొలతే. ఇక డౌన్ సిండ్రోమ్ పిల్లలకు కీళ్లు ముందే వదులు. వాళ్లకు కావలసింది బలం. కీలు ఎంత వంగిందన్నదొక్కటే గురి అయితే ఈ పిల్లలకు అన్యాయం జరుగుతుంది.

కూలికెళ్లే తల్లికి ఇంటి దగ్గర ఇదంతా చేయించే తీరికెక్కడిది అని అడగొచ్చు. న్యాయమైన అభ్యంతరమే. కొత్త పని నెత్తిన వేయకుండా, రోజూ చేసే పనినే మార్చి చూపాలి. ఎత్తుకుని స్నానం చేయించే బదులు గోడ పట్టుకుని నిలబడనివ్వడం, అన్నం పెట్టేటప్పుడు ఒళ్లో కాక పాదాలు నేలకానే పీట మీద కూర్చోబెట్టడం లాంటివి. అప్పుడు ఆ ఒక్క పూటలో ఎక్కువ భాగం తల్లికి నేర్పడానికే పోవాలి. పిల్లలు వరుసలో ఎదురుచూస్తుంటే ఒక్క ఫిజియోకు అది కుదరదు. మరో ఫిజియోను వేయడం ప్రభుత్వం పని, ఆ భారాన్ని తల్లుల ఓపిక మీదకు నెట్టకూడదు. ఆ నోటుబుక్కులోని కోణాన్ని కూడా తల్లికి చదివి వినిపించాలి. పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత అన్నది తెలిస్తేనే ఏ పని ఫలించిందో ఆమె చెప్పగలదు.