ఏటికొప్పాక బొమ్మ, దాని వెనక పెట్టుబడి

లక్కబొమ్మల పనిలో డబ్బు మొదట పడేది కర్ర మీద. అనకాపల్లి జిల్లా యలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో బొమ్మలు చేసే ఏ ఇంటికి వెళ్లినా వసారాలోనో పెరట్లోనో అంకుడు కర్ర పేర్చి కనిపిస్తుంది. తెల్లగా, మెత్తగా, సన్నని పీచుతో ఉండే ఈ కర్ర ఉలికి తేలిగ్గా లొంగుతుంది. అయితే పచ్చిగా ఉన్నప్పుడు పని పట్టకూడదు. పచ్చి కర్రతో చేసిన బొమ్మ తర్వాత ఎండి పగులుతుంది, మీది లక్క పెచ్చులూడుతుంది. అందుకే నీడపట్టున నెలల తరబడి ఆరనివ్వాలి. అన్నాళ్లూ ఆ కర్రలో పెట్టిన డబ్బు కదలదు.

చేతిలో ఆ మాత్రం సొమ్ము ఉన్నవాళ్లు ఏడాదికి సరిపడా కర్ర ఒకేసారి కొని నిలవ వేసుకుంటారు. లేనివాళ్లు ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా కొంటారు, లేదంటే వ్యాపారి దగ్గర బయానా తీసుకుంటారు. కర్రకు డబ్బిచ్చినవాడే బొమ్మ పట్టుకెళ్తాడు, ధర కూడా అతనే కడతాడు. బొమ్మ ధర బజార్లో తేలుతుందనుకుంటాం గానీ, చాలా ఇళ్లలో అది కర్ర కొన్న రోజే తేలిపోతుంది. హస్తకళలకు సాయం చేసే ఏ పథకాన్నయినా ముందు ఇక్కడ నిలబెట్టి చూడాలి. పనివాడు తన కర్ర తానే కొనుక్కునే స్థితికి అది తీసుకొస్తుందా?

చెట్టు సంగతీ ఇందులోదే. అంకుడు అడవి చెట్టు. కొట్టిన మోడు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి కొమ్మలు కోసుకుని మొదలు వదిలేస్తే ఏళ్ల తరబడి కర్ర ఇస్తూనే ఉంటుంది. మొదలంటా నరికితే ఆ కర్ర కోసం మరింత లోపలికి వెళ్లాల్సిందే. బంజరు భూముల్లో, గట్ల మీద అంకుడు పెంచడానికి పెట్టే ఖర్చును అటవీ ఖాతాలో రాసి ఊరుకోవడం సరికాదు. అది బొమ్మల పరిశ్రమ ముడిసరుకు పెట్టుబడి. లక్కది మరో దారి. పురుగులు చెట్ల కొమ్మల మీద కట్టే ఆ బంక ఎక్కువగా ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి బజారుకు వస్తుంది. అక్కడ పంట తగ్గిన ఏడు ఇక్కడ బొమ్మ ఖర్చు పెరుగుతుంది.

కర్ర ఆరాక, దాన్ని గిర్రున తిప్పే తరిణి మీదికి ఎక్కుతుంది. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు మోటారు తిప్పుతోంది. నేను కూర్చుని చూసిన ఇంట్లో ఒక పెద్దాయన కుంకుమ భరిణె చేస్తున్నారు. ఉలి అంచు తాకగానే కర్ర పొట్టు రిబ్బనులా లేచి ఆయన మోకాళ్ల మీద పడుతోంది. ఆకారం కుదిరాక ఎర్ర లక్క కడ్డీ తీసుకుని తిరుగుతున్న కర్రకు అదిమిపట్టారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది, వేరే మంట అక్కర్లేదు. ముందు మరకలు మరకలుగా పడిన రంగును మొగలి ఆకుతో ఒత్తి అంతటా పరిచారు. ఆకు కింద నుంచి నునుపైన ఎరుపు మెరుస్తూ బయటికి వచ్చింది. ఆ తర్వాత మూత. భరిణె మీద మూత బిగువుగా కూర్చోవాలి, తీస్తే తేలిగ్గా రావాలి. అది ఆయన కొలబద్ద పెట్టి చూడలేదు. వేళ్లతో తిప్పి చూసి, ఉలిని మరోసారి తాకించి సరిచేశారు.

ఈ నేర్పు అబ్బడానికి ఏళ్లు పడుతుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, పైస్థాయి శిక్షణ 15 రోజులు లేదా ఆపైన. శిక్షణ రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15,000 ఇస్తారు. రూ.13,000 కోట్ల అంచనాతో తెచ్చిన ఈ పథకంలోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ కూడా ఉంది. పూచీకత్తు లేకుండా తొలి విడత రూ.లక్ష, దాన్ని సక్రమంగా తీర్చినవారికి మలి విడత రూ.2 లక్షలు దొరుకుతాయి. వడ్డీ 5 శాతం, మిగతా వడ్డీ భారం ప్రభుత్వానిది. బయట అప్పు వడ్డీతో పోల్చి చూస్తే ఇది ఎంత ఊరటో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

చిక్కు కిస్తీల దగ్గర వస్తుంది. రూ.లక్ష అప్పును 18 నెలల్లో తీర్చాలి. సమాన కిస్తీలుగా లెక్కేస్తే నెలకు సుమారు రూ.5,800. రూ.2 లక్షలకు గడువు 30 నెలలు, కిస్తీ సుమారు రూ.7,100. బొమ్మల రాబడి నెలనెలా ఒకే తీరున రాదు. దసరాకు, సంక్రాంతికి బొమ్మల కొలువులున్నాయి, పెళ్లిళ్ల రోజులున్నాయి, పట్నాల్లో ప్రదర్శనలున్నాయి. మిగతా రోజుల్లో తరిణి తిరుగుతుంది గాని డబ్బు తిరగదు. అప్పు సొమ్ముతో కొన్న కర్ర ఇంకా ఆరకముందే నాలుగైదు కిస్తీలు కట్టేయాల్సి వస్తే, ఆ కిస్తీ కోసం మళ్లీ వ్యాపారి గడప తొక్కాల్సిందే. రైతుకు పంట అప్పు కోతల తర్వాత తీర్చే వీలుంది. బొమ్మల పనికీ ఒక రుతువు ఉందని గుర్తించి, గిరాకీ ఉన్న నెలల్లో ఎక్కువ, లేని నెలల్లో తక్కువ కట్టే వెసులుబాటు ఇస్తే ఇదే అప్పు ఇంతకింత పనిచేస్తుంది. ఇంకో నిబంధన కూడా ఈ పనికి పొసగదు. ఈ పథకంలో కుటుంబానికి ఒక్కరికే చోటు. ఇక్కడ బొమ్మ చాలాచోట్ల ఇంటిల్లిపాదీ పని. ఒకరు తరిణి పడితే ఇంకొకరు చేతులూ కాళ్లూ అతికిస్తారు, కళ్లూ ముక్కూ దిద్దుతారు, లెక్కలు చూస్తారు. నమోదయ్యేది ఒక్క పేరే.

రంగుల విషయానికొస్తే, ఈ ఊరి బతుకు మలుపు తిరిగింది అక్కడే. రసాయన రంగులు చౌకగా, క్షణాల్లో దొరకడంతో పాత పద్ధతులు మరుగున పడ్డాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు మీద అలాంటి రంగులను విదేశీ బజార్లు ఒప్పుకోవు. ఈ ఊరివారే అయిన సి.వి.రాజు పనివాళ్లను కూడగట్టి, పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయ వంటివాటి నుంచి రంగు తీసి లక్కలో కలిపే పద్ధతిని తిరిగి నిలబెట్టారు. 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఆయన్ని ప్రస్తావించారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. సత్కారాలు సరే, ఆ పని జరిగిన తీరు గమనించాలి. ఒక్కో రంగు కుదిరే లోపు ఎంత లక్క, ఎంత ఆకు, ఎంత కాయ వృథా అవుతుందో చేసినవాళ్లకే తెలుసు. వెలిసిపోయిన రంగుకు, కర్రకు అంటని లక్కకు బిల్లు పెడతానంటే ఏ పథకం ఒప్పుకుంటుంది? ఊరి ఉనికిని కాపాడిన పని మాత్రం ఆ ప్రయోగమే. చేతివృత్తుల నిధుల్లో కొంత భాగం ఫలితం ముందే చెప్పలేని ప్రయత్నాలకు కేటాయించి తీరాలి.

నేరుగా డబ్బు ఇవ్వకుండానే మేలు చేసిన నిర్ణయాలూ ఉన్నాయి. ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన పనివాళ్లకు, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. అది లేకపోతే పరీక్షల ఖర్చుకే ఎన్నో తరిణులు ఆగిపోయేవి. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది. అయితే ఆ పేరు వాడుకునే హక్కు ఎవరి పేరున నమోదైతే వారికే. ఆ కాగితాలు ఇంటింటికీ తిరిగి రాయించే మనిషికి జీతం ఇవ్వడం, ఖర్చు కొంచెమే అయినా, పెద్ద సాయం.

పనివాళ్లను ఒక సమూహంగా చూసి డబ్బిచ్చే పథకం స్ఫూర్తి. 2005లో మొదలైంది. సవరించిన నిబంధనల ప్రకారం 500 మంది వరకు ఉండే సమూహానికి రూ.2.5 కోట్ల దాకా, అంతకు మించితే రూ.5 కోట్ల దాకా సాయం అందుతుంది. ఆ డబ్బుతో ఉమ్మడి సదుపాయ కేంద్రం కట్టవచ్చు, యంత్రాలు కొనవచ్చు, ముడిసరుకు నిలవ పెట్టుకోవచ్చు, శిక్షణ ఇవ్వవచ్చు. చాలాచోట్ల ముందు లేచేది భవనం, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది, ఫొటోకు వస్తుంది. బొమ్మల ఊరికి నిజంగా అక్కరకొచ్చేవి కర్రను ఒక పద్ధతిలో ఆరబెట్టే గది, లక్క టోకున కొని పంచే సరుకు గోదాము. వాటిని రోజూ నడిపే మనిషి, కరెంటు బిల్లు, మరమ్మతులు మూడేళ్ల తర్వాత ఎవరి నెత్తిన పడతాయో మొదటి రోజే తేల్చుకోవాలి. ఏటికొప్పాకకు ఉమ్మడి వ్యవహారం కొత్త కాదు. దేశంలో తొలితరం సహకార చక్కెర మిల్లుల్లో ఒకటి ఇక్కడ పుట్టింది.

కొత్త డిజైన్ల శిక్షణల్లో నమూనాలు బాగానే వస్తున్నాయి. పెన్ను స్టాండ్లు, దీపపు దిమ్మెలు, గాజులు, పిల్లలకు అంకెలు నేర్పే బొమ్మలు. నమూనా వెంట కొనేవాడు కూడా వస్తేనే అది ఇంట్లో నిలుస్తుంది. డిజైనర్‌కు ఇచ్చే సొమ్ములో సగం, ఆ వస్తువుకు తొలి ఆర్డరు వచ్చాకే ఇస్తామని రాసుకుంటే ఇద్దరూ ఒకే పడవలో ఉంటారు.

ఆర్డరు పెద్దదైన కొద్దీ చెల్లింపు ఆలస్యమవుతుంది. సంస్థలు పండుగ కానుకలకు వందల కొద్దీ బొమ్మలు అడుగుతాయి, సరుకు తీసుకెళ్తాయి, డబ్బు మాత్రం వాయిదా వేస్తాయి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకు చెల్లించాల్సిన సొమ్ము 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. ఈ హక్కు అడగాలంటే ఉద్యమ్ నమోదు ఉండాలి. 2020 జులై నుంచి నడుస్తున్న ఆ నమోదుకు రుసుము లేదు, ఆధార్, పాన్ ఉండాలి. బిల్లు మీద ఆ నంబరు, సరుకు అందిన తేదీ రెండూ ఉన్నప్పుడే 45 రోజుల లెక్క నిలబడుతుంది.