అక్షరాలు రానివాళ్ళు చదివే బొమ్మలు

పిల్లలూ, అనంతగిరి అనగానే మీలో చాలామందికి కొండలూ, అడవీ గుర్తుకు వస్తాయి. మా అనంతగిరి అది కాదు. మాది సూర్యాపేట జిల్లాలో, కోదాడ దగ్గర ఉన్న అనంతగిరి. అక్కడినుంచి హైదరాబాదు వెళ్ళి నేను గ్రాఫిక్ డిజైను చదువుతున్నాను. "అదేం చదువు? బొమ్మలు గీయటమేనా?" అని ఊళ్ళో అందరూ అడుగుతారు. బొమ్మలు గీయటం అందులో ఒక భాగం మాత్రమే. చెప్పదలచిన సంగతి చూసేవాడికి చప్పున తెలిసేటట్టు అమర్చటమే అసలు విద్య.

మాకు మొదట ఇచ్చిన పని బస్సు బోర్డు రాయటం. సూర్యాపేట, దాని కింద మిర్యాలగూడ అని మీరూ రాసి చూడండి. గుడి పైకి పోతుంది, ఒత్తు కిందికి దిగుతుంది. వరసలు దగ్గరగా ఉంటే పై వరస యవత్తు వచ్చి కింది వరస గుడిని తాకుతుంది. దూరాన్నుంచి చూస్తే రెండు పేర్లూ కలిసిపోతాయి. ఇంగ్లీషుకు చాలిన సందు తెలుగుకు చాలదన్నమాట! నేను అక్షరాలను కొంచెం చిన్నవి చేసి, సందు పెంచాను. అక్షరం చిన్నదైనా దూరానికి బాగా తెలిసింది.

రెండవ పని ఇంకా కష్టమైనది. పురుగుమందును పిల్లలకు అందకుండా దాచాలని, చదువు రానివాళ్ళకు బొమ్మతో చెప్పాలి.

మన దేశంలో పురుగుమందు డబ్బా మీద, మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలోని రంగు విషం ఎంత తీవ్రమో చెబుతుంది. ఎరుపు అన్నిటికన్న ప్రమాదం. తరవాత పసుపు, ఆ తరవాత నీలం, చివరకు ఆకుపచ్చ. మా నాయనమ్మకు అక్షరాలు రావు. ఆమె ఆకుపచ్చను చూసి, "ఇది పైరుకు మంచి మందు కాబోలు," అన్నది. ఆకుపచ్చ అంటే విషం తక్కువ అనే గాని, బొత్తిగా లేదని కాదు గదా!

అందుకని నేను మూడు బొమ్మలు గీసి ఆమెకు చూపాను. పుర్రె బొమ్మను చూసి, "దయ్యం" అన్నది. సీసా మీద అడ్డగీతలు కొట్టిన బొమ్మను చూసి, "అయిపోయిన సీసా" అన్నది. మూడవ దానిలో తాళం వేసిన పెట్టెలో సీసా, కింద చెయ్యి చాస్తున్న పసివాడు ఉన్నారు. "పిల్లలకు అందకుండా తాళం వెయ్యమంటున్నది," అని వెంటనే చెప్పింది. "తాళం ఇంకా పెద్దగా గియ్యి బిడ్డా, నాకు కండ్లు ఆనవు," అని కూడా అన్నది. అలాగే గీశాను.

ఈ విద్య కొత్తది కాదు. 1920లలోనే వియన్నా నగరంలో ఓటో నోయరాత్ అనే ఆయన లెక్కలను బొమ్మలతో చూపించాడు. 1951-52లో మన మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు దేశంలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. అందుచేత ఓటుపెట్టెల మీద గుర్తులు అంటించారు. ఎద్దుల జతా, గుడిసే చూసి కోట్లమంది ఓట్లు వేశారు.

మీరూ ఒక పని చెయ్యండి. "ఈ బిందెలోవి కాచి చల్లార్చిన నీళ్ళు" అనే మాటను అక్షరం లేకుండా బొమ్మగా గీయండి. ఇంట్లో పెద్దవాళ్ళకు చూపండి. మీరు ఏమీ చెప్పవద్దు; వాళ్ళు ఏమంటారో వినండి. తరవాత బొమ్మను సరిచెయ్యండి. మా కళాశాలలో మేము చేసేదీ అదే.